ఎల్ల దాటితే మారే ఒక్కపొద్దు: సరిహద్దు తెలుగు ఇళ్లలో ఆహార నియమాలు

ఆహార నియమం అనగానే మనకు మొదట తోచేది ‘ఏది తినరాదు’ అన్న జాబితా. కాని ఏ మతానికి చెందిన నియమాన్ని పరిశీలించినా అందులో మూడు అంశాలు కలిసి ఉంటాయి: ఏది తినాలి, ఎప్పుడు తినాలి, ఎవరి చేతి వంట ఎవరి సరసన కూర్చుని తినాలి. వీటిలో మొదటిది తరతరాలుగా పెద్దగా మారదు. శాకాహారుల ఇల్లు ఎల్ల దాటినా శాకాహారుల ఇల్లే. పంది మాంసం ముట్టని కుటుంబం హోసూరులో ఉన్నా, దెగ్లూరులో ఉన్నా ముట్టదు. మారేవి మిగిలిన రెండూ. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, బళ్లారి, రాయచూరు, పావగడ, హోసూరు, తిరుత్తణి, దెగ్లూరు, సిరోంచ, షోలాపురం, యానాం మొదలైన చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి అనుభవంలో ఉన్నదే. ఎల్లకు ఆవలి నుంచి సంబంధం కలుపుకున్నప్పుడు, కొత్త కోడలు అత్తవారి వంటింట్లో మొదట నేర్చుకునేది కొత్త వంటలను కాదు, కొత్త తిథులను.

నెల పేరు ఒకటే, మొదలు వేరు

తెలుగు, కన్నడ, మరాఠీ పంచాంగాలు అమాంత మాసాన్ని పాటిస్తాయి. అంటే నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడిశాలో వ్రతాలకు, పండుగలకు పాటించేది పూర్ణిమాంత మాసం. అక్కడ నెల పున్నమితో ముగిసి, మరునాటి పాడ్యమితో కొత్త నెల మొదలవుతుంది. శుక్లపక్షంలో రెండు లెక్కలకూ నెల పేరు ఒకటే. కృష్ణపక్షం వచ్చేసరికి ఒడియావారు ఒక నెల ముందుంటారు. మనకు ఆశ్వయుజ బహుళం నడుస్తుండగా వారికి అప్పటికే కార్తికం వచ్చేసి ఉంటుంది.

దీని ప్రభావం గంజాం, గజపతి జిల్లాల తెలుగు వంటిళ్లలో స్పష్టంగా కనిపిస్తుంది. ఒడియా గృహాల్లో కార్తికమంతా హవిష్యం పాటించే స్త్రీలు, ముఖ్యంగా వయసు మళ్లినవారు, పగటి పూట ఒక్కసారే భుజిస్తారు. ఉల్లి, వెల్లుల్లి, చేప, మాంసం ఉండవు. మామూలు రోజుల్లో ఉప్పుడు బియ్యం వండుకునే ఇంట ఆ నెల పచ్చిబియ్యం, పెసరపప్పు, చేమదుంప, అరటికాయ, నెయ్యి ప్రధానమవుతాయి. నెలంతా పాటించలేనివారు చివరి ఐదు రోజులు, అంటే ఏకాదశి నుంచి పున్నమి వరకు, తప్పక పాటిస్తారు. ఆ ఐదు రోజులూ కొంగ సైతం చేపను ముట్టదని అక్కడి లోకోక్తి. అందుకే దానికి బక పంచకమని పేరు. పున్నమి మరునాడు ‘ఛాడఖాయి’. ఆ రోజు చేపల దుకాణాల వద్ద, మాంసపు దుకాణాల వద్ద తెల్లవారుజాము నుంచే జనం బారులు తీరుతారు.

సరిగ్గా ఆ రోజు మన పంచాంగంలో కార్తిక బహుళ పాడ్యమి. మనకు ఇంకా రెండు వారాలు మిగిలి ఉంటాయి, మధ్యలో కార్తిక సోమవారాలూ ఉంటాయి. వెనుకటి వైపు చూస్తే, మనం దీపావళి వరకు నియమం లేకుండా ఉంటే, పొరుగింటి ఒడియా కుటుంబం అప్పటికే రెండు వారాలుగా హవిష్యంలో ఉంటుంది. రెండు లెక్కలూ గౌరవించదలచిన ఇంటికి కార్తికం సుమారు 45 రోజుల నెల అవుతుంది. ఇంటి పెద్దలు ఏ లెక్క పాటించాలో ముందే తేల్చి చెప్పకపోతే, ఆ అదనపు పక్షం భారం వంట చేసేవారి మీద పడుతుంది. తల్లిగారి లెక్క ఒకటి, అత్తగారి లెక్క ఒకటి, భర్త నోటి రుచి మరొకటి.

మార్గశిర గురువారాల లక్ష్మీపూజకూ ఇదే చిక్కు. ఒడియావారి మాణబసా గురువారాలు కార్తిక పున్నమి దాటగానే మొదలవుతాయి. విశాఖపట్నం కనకమహాలక్ష్మి ఆలయంలో మార్గశిర మాసోత్సవం కార్తిక అమావాస్య తరువాతనే మొదలవుతుంది. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి మధ్య బంధుత్వాలున్న ఇళ్లలో గురువారం నాడు నీసు వండాలా వద్దా అన్న ప్రశ్న నెలన్నర పాటు నలుగుతుంది.

తమిళనాడు ఎల్లలో చిక్కు వేరు. అక్కడ నెలలు సూర్యుని బట్టి నడుస్తాయి. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు ఉండే పురట్టాసి నెలలో, మామూలుగా మాంసం తినే కుటుంబాలు సైతం వేంకటేశ్వరుని పేర దానిని మానుకుంటాయి. చిత్తూరు వైపు తెలుగువారు దీనినే పెరటాసి అంటారు. పెరటాసి శనివారాల్లో తిరుమలకు తమిళ భక్తుల తాకిడి ఎంత ఉంటుందో అందరికీ తెలిసినదే. హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి ప్రాంతాల తెలుగు ఇళ్లు చాలావరకు ఈ నెలను తమదిగా చేసుకున్నాయి. అయినా ఉగాది, వినాయక చవితి వంటివి చాంద్రమానం ప్రకారమే జరుపుకుంటాయి. చంద్రుడు ఒక వైపు, సూర్యుడు ఒక వైపు లాగే ఇల్లు అది. ఆ నెలలో కోడి, మేక మాంసం ధర తగ్గడం, పురట్టాసి ముగిసిన మొదటి ఆదివారం మళ్లీ ఎగబాకడం అక్కడి వ్యాపారులు ముందే లెక్క వేసుకునే విషయం.

మహారాష్ట్రతో మనకు పంచాంగ భేదం లేదు. శ్రావణం ఇరువురికీ ఒకే రోజున మొదలవుతుంది. మరాఠీవారు ఆషాఢ అమావాస్యను గటారీ అని పిలిచి, రాబోయే నెల మానుకోబోయే మాంసాన్ని ఆ రోజే ఆరగిస్తారు. తెలంగాణ వైపు ఆషాఢమంతా బోనాల నెల. గ్రామదేవతకు కోళ్లు, మేకలు సమర్పించడం, బంధువులను పిలుచుకోవడం ఆ నెలలోనే. అంటే గోదావరికి, మంజీరకు రెండు ఒడ్డులా శ్రావణానికి ముందు మాంసం వండుతారు. ఒక ఒడ్డున అది వీడ్కోలు, మరో ఒడ్డున అది నైవేద్యం. 2023లో అధిక శ్రావణం వచ్చినప్పుడు నియమం ఒక నెలా, రెండు నెలలా అన్న సందేహం ఇరువైపులా కలిగింది. వ్రతాలు నిజమాసంలోనే చేయాలన్నది సాధారణ నిర్ణయం. అయినా రెండు నెలలూ మానుకున్న ఇళ్లు ఉన్నాయి.

దక్షిణ కర్ణాటకలో ఉగాది నాడు హోళిగెలు, మరునాడు ‘హొసతొడకు’. అంటే మాంసాహార విందు. కోస్తాలో సంక్రాంతి మరునాటి కనుమకు ఎలాంటి స్థానమో అక్కడ హొసతొడకుకు అలాంటిది. కోలారు, చిక్కబళ్లాపురం వైపు తెలుగు ఇళ్లకు ఇది కొత్తేమీ కాదు. కోస్తా నుంచి వచ్చిన బంధువులు మాత్రం ఉగాది మరునాడు మాంసమేమిటని ఆశ్చర్యపోతారు.

యానాంలో తిథికి, నదికి మధ్య వైరం. సముద్రం నుంచి గోదావరి ఎర్రనీటికి ఎదురీదుతూ పులస వచ్చేది వరదల కాలంలో, అంటే ఇంచుమించు శ్రావణ భాద్రపదాల్లో. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ఉన్నచోట శ్రావణ శుక్రవారం, శనివారం పాటించడం చిన్న పరీక్ష కాదు. అక్కడి కాథలిక్ కుటుంబాల లెక్క దీనికి భిన్నం. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలపు శుక్రవారాల్లో వారికి మాంసం నిషిద్ధం, చేప నిషిద్ధం కాదు. ఒకే వీధిలో ఒక ఇంట నీసు అన్న మాటలో చేప కూడా చేరుతుంది. పక్క ఇంట నిషేధ దినాన కూడా చేపల పులుసు ఉడుకుతుంది.

ముస్లిం కుటుంబాల ఉపవాస మాసం ఏ రుతువుకూ కట్టుబడదు. వారి సంవత్సరం సుమారు 354 రోజులది. అధిక మాసం లేదు కనుక రంజాన్ ఏటేటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్లకు రుతుచక్రమంతా తిరిగి వస్తుంది. మే నెల ఎండల్లో రాయచూరులో నీరైనా ముట్టకుండా ఉండడం, డిసెంబరులో ఉండడం ఒకటి కావు. సహరీలో పెరుగన్నం తినాలా, రొట్టె తినాలా అన్నది ఆ ఏటి రుతువు తేల్చవలసిన విషయం.

అన్నం మానడం అంటే ఏది మానడం?

ఉపవాసం అన్న మాటకు తెలుగు ఇంటి అర్థం ఒకటి, మరాఠీ ఇంటి అర్థం ఒకటి. మన వైపు శనివారం ఒక్కపొద్దు ఉండే వ్యక్తి రాత్రి ఉప్మా, ఇడ్లీ, దోసె తింటే నియమభంగం కాదు. ఇడ్లీలోనూ బియ్యమే ఉన్నదని తెలియక కాదు. మన లెక్కలో మానవలసింది గిన్నెలో ఉడికి, కంచంలో పోగుపడి, పప్పుతో, కూరతో కలిసే ‘అన్నం’. బియ్యపు రవ్వతో చేసిన ఉప్పుడుపిండి అన్నం కాదు, ఫలహారం. అన్నం అంటే భోజనం అనే భాషలో ఇది సహజమే.

మరాఠీ ఇంట ఆషాఢ ఏకాదశి నాడు మానేది ధాన్యం. వరి, గోధుమ, జొన్న, పప్పులు ఏ రూపంలోనూ రాకూడదు. ఆ చోటును సగ్గుబియ్యపు ఖిచిడీ, వేరుసెనగ, బంగాళాదుంప, రాజ్‌గిరా, భగర్ ఆక్రమిస్తాయి. మద్నూరు పిల్ల దెగ్లూరు కోడలై, ఏకాదశి నాడు భక్తితో గోధుమరవ్వ ఉప్మా చేసి పెడితే అత్తగారు ముట్టరు. ఇద్దరూ నియమం పాటించినవారే. ఒకరిది వండిన రూపానికి సంబంధించిన నియమం, మరొకరిది గింజకు సంబంధించిన నియమం. ఈ తేడా ముందుగా తెలిసి ఉంటే ఆ పూట మాట పట్టింపు ఉండదు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. సగ్గుబియ్యం చేసేది కర్రపెండలం దుంపల పిండితో. ఆ దుంప, వేరుసెనగ, బంగాళాదుంప మూడూ దక్షిణ అమెరికా నుంచి వచ్చినవి. పూర్వపు నియమ గ్రంథాలకు ఇవి తెలియవు. నిషిద్ధ ధాన్యాల జాబితాలో లేవు గనుక ఉపవాసానికి పనికివచ్చాయి. నేడు తమిళనాడులోని సేలం ప్రాంతం, మన సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాలు సగ్గుబియ్యం తయారీకి ప్రసిద్ధం. సేలంలో ఉత్పత్తిదారుల సహకార సంఘం 1981లో ఏర్పడింది. మహారాష్ట్ర ఉపవాసాలకు తెలుగు, తమిళ నేలల దుంప ఆధారం.

ఇదే కొత్తదనం పితృకార్యంలోనూ, పూరీ జగన్నాథుని వంటశాలలోనూ తలకిందులుగా పనిచేసింది. పూరీ మహాప్రసాదంలో బంగాళాదుంప, టమాటా, పచ్చిమిరప, కాలీఫ్లవర్ వాడరు. ఉల్లి, వెల్లుల్లి సరేసరి. ఆబ్దికపు వంటలో మన ఇళ్లలోనూ ‘ఇంగ్లీషు కూరగాయలు’ వద్దంటారు. అరటికాయ, కంద, చేమ, కాకర ఆ విస్తట్లో కనిపిస్తాయి. కారానికి మిరప బదులు మిరియం. మిరపకాయ పోర్చుగీసువారితో 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిందని గుర్తుంచుకుంటే, ఆబ్దికపు విస్తరి అంతకు ముందరి తెలుగు భోజనం ఎలా ఉండేదో చూపే అరుదైన ఆధారమని చెప్పవచ్చు. అయితే నియమం వృక్షశాస్త్రం చదివి ఏర్పడలేదు. ఎర్రగుమ్మడి కూడా అమెరికా నుంచి వచ్చినదే అయినా, అది పండుగ పులుసుల్లో, దేవాలయ వంటల్లో ఏనాడో కుదురుకుంది. ముందుగా వచ్చి పెరటి తీగ అయినది మనదైపోయింది, తరువాత బండి మీద వచ్చినది పరాయిగా మిగిలింది.

ఉల్లి, వెల్లుల్లి మానిన వంటిళ్లు ఆ వాసన లోటును ఇంగువతో పూడ్చుకున్నాయి. ఇంగువ చాలాకాలంగా ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్‌ల నుంచి దిగుమతి అవుతున్నది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో 2020లో సాగుకు ప్రయత్నం మొదలైంది. బజారులో దొరికే డబ్బా ఇంగువ చాలావరకు గోధుమపిండి గాని, మైదా గాని, బంక గాని కలిపినది. ఏకాదశికి ధాన్యం పూర్తిగా మానేవారు డబ్బా మీద రాసిన పదార్థాలను ఒకసారి చదవడం మంచిది.

నియమం వంటను ఎంతగా మలచగలదో చూడాలంటే తుంగభద్ర తీరానికి రావాలి. మంత్రాలయం చుట్టుపక్కల, రాయచూరు, కర్నూలు, బళ్లారి ప్రాంతాల మాధ్వ కుటుంబాల్లో చాతుర్మాస్యం ఆషాఢ శుక్ల ఏకాదశి తిథితో ఆరంభమై కార్తిక శుక్ల ద్వాదశి వరకు సాగుతుంది. మొదటి నెల శాకవ్రతం. కూరగాయలు, ఆకుకూరలు ఉండవు. చింతపండు కూడా ఉండదు కనుక పులుపుకు మామిడి, కారానికి మిరియం, పోపుకు జీలకర్ర, పప్పుకు పెసలు. రెండవ నెల దధివ్రతం, పెరుగు ఉండదు, మజ్జిగ ఉండవచ్చు. మూడవది క్షీరవ్రతం, పాలు ఉండవు. నాలుగవది ద్విదళవ్రతం. రెండు బద్దలుగా విడిపోయే పప్పులన్నీ, గింజలు ఎక్కువగా ఉన్న కూరగాయలూ నిషిద్ధం.

నాలుగు నెలలపాటు నెలకొక ప్రధాన పదార్థాన్ని తీసివేసి, మిగిలినవాటితో రోజూ భోజనం రుచిగా వండిపెట్టడం సామాన్యమైన పని కాదు. ఉడిపి వంటగా దేశమంతటా పేరు పొందిన పద్ధతిలో కొబ్బరికి, మిరియానికి, పెరుగు పచ్చళ్లకు అంతటి చోటు దక్కడంలో మఠాల ఈ నియమాల పాత్ర పెద్దది. నియమం రుచిని చంపుతుందని అనుకుంటాం గాని, ఇక్కడ అది వంటవారిని వెతికించింది. పప్పు లేని చారు, చింతపండు లేని పులుసు అలా పుట్టినవే.

చేయి, పాత్ర, పంక్తి

ఆహార నియమాల్లో కఠినమైన భాగం, బాధ కలిగించిన భాగం ఇదే. మడి కట్టుకుని వండటం, నీటితో ఉడికించిన అన్నాన్ని, పప్పును అంటుగా భావించడం, నూనెలో వేగిన వాటికి ఆ పట్టింపు తక్కువగా ఉండటం మన పెద్దల కాలంలో నిత్యకృత్యం. ప్రయాణానికి పులిహోర, అరిసెలు, జంతికలు, అటుకులు కట్టుకోవడానికి నిలవ ఉండటం ఒక కారణమైతే, దారిలో ఎవరి పొయ్యినీ ఆశ్రయించనవసరం లేకపోవడం మరొక కారణం. ఆ విధంగా మన చిరుతిళ్లలో సగం అంటు నియమం నీడన పెరిగాయి.

అదే నియమం ఊరిలో కొందరిని బావి దగ్గరికి రానివ్వలేదు, హోటలులో కొందరికి వేరే గ్లాసు పెట్టింది. దీనిని ఆచారమని సున్నితంగా చెప్పి దాటవేయడం సరికాదు. రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. 1955 నాటి చట్టం, 1976లో పౌర హక్కుల రక్షణ చట్టంగా పేరు మార్చుకున్నది, భోజనశాలల్లో, నీటి వనరుల వద్ద, బహిరంగ స్థలాల్లోని పాత్రల వాడకంలో వివక్షను నేరంగా పరిగణిస్తుంది. ఈ చట్టం ఎల్లకు ఇరువైపులా ఒక్కటే.

పంక్తి భేదాన్ని సంప్రదాయం లోపలి నుంచే ఎదిరించిన ఉదాహరణలు మన సరిహద్దుల చుట్టూ ఉన్నాయి. 12వ శతాబ్దంలో బీదర్ జిల్లాలోని నేటి బసవకల్యాణం కేంద్రంగా శివశరణులు దాసోహాన్ని, అంటే కులం అడగని సామూహిక భోజనాన్ని నిలిపారు. మాంసం విషయంలో కఠినమైన నియమం, పంక్తి విషయంలో పూర్తి సడలింపు. పాల్కురికి సోమనాథుడు బసవ పురాణాన్ని తెలుగులో రచించినందున ఈ భావం మన వైపు ఇళ్లకూ చేరింది. పల్నాటిలో బ్రహ్మనాయుని పేరుతో ముడిపడిన చాపకూడు ఆ శతాబ్దానిదే. కారంపూడి వీరారాధన ఉత్సవాల్లో నేటికీ జరుగుతుంది. పూరీ ఆనందబజారులో మహాప్రసాదానికి అంటు లేదు, ఎంగిలి లేదు. ఇంట మడి కట్టుకునేవారు సైతం అక్కడ ఒకే కుండలోంచి పంచుకుని తింటారు.

సరిహద్దు పల్లెల్లో మరొక సర్దుబాటు ఉంది. తెలంగాణలోనూ, రాయలసీమలో చాలాచోట్లా విందుకు కోసే మేకను ముల్లాను పిలిపించి కోయించే ఆనవాయితీ ఉండేది, కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఉంది. అల్లా పేరు చెప్పి కోసిన మాంసం ముస్లిం అతిథులకూ పనికివస్తుంది, మిగిలినవారికి అభ్యంతరం ఉండదు. గ్రామదేవతకు బలి ఇచ్చినది మాత్రం ఇస్లాం నియమం ప్రకారం వారు తినరాదు కనుక, జాతర కూర వేరు, పెళ్లి కూర వేరు. ఏ విందుకు ఎవరిని ఎలా పిలవాలో పల్లె పెద్దలకు చెప్పనవసరం లేకుండా తెలిసేది.

దుకాణం, బడి, ప్రభుత్వం

పూర్వం ఇంట్లో వండినదే తినేవాళ్లం కనుక నియమం వంటింటి గడప దాటేది కాదు. పొట్లం కట్టిన తినుబండారాలు వచ్చాక సందేహాలు పెరిగాయి. 2001 తరువాత పొట్లాల మీద శాకాహార, మాంసాహార గుర్తులు తప్పనిసరి అయ్యాయి. ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు. మాంసాహారానికి మొదట గోధుమ రంగు చుక్క ఉండేది, 2020 నాటి నిబంధనల్లో అది గోధుమ రంగు త్రికోణమైంది. ఈ లెక్కలో గుడ్డు మాంసాహారం, పాలు, తేనె కావు. కాని ఆకుపచ్చ చుక్క ఉల్లి, వెల్లుల్లి గురించి ఏమీ చెప్పదు. చాతుర్మాస్యానికి, జైన కుటుంబాల దుంపల నిషేధానికి ఆ చుక్క చాలదు.

బడి భోజనంలో గుడ్డు విషయం ఇంతకంటె బరువైనది. కర్ణాటక ప్రభుత్వం 2021 డిసెంబరులో రాయచూరు, బళ్లారి, బీదర్ వంటి కల్యాణ కర్ణాటక జిల్లాల్లో గుడ్డు ఇవ్వడం ప్రారంభించినప్పుడు కొందరు మఠాధిపతులు అభ్యంతరం చెప్పారు. పిల్లల్లో పోషకాహార లోపం ఎక్కువగా ఉన్నందునే ఆ జిల్లాలను ముందు ఎంచుకున్నామన్నది ప్రభుత్వ వాదన. తరువాత పథకం రాష్ట్రమంతటికీ విస్తరించింది. గుడ్డు తిననివారికి అరటిపండు గాని, చిక్కీ గాని ఇస్తారు. తమిళనాడులో వారానికి ఐదు గుడ్లు, తిననివారికి అరటిపండు. ఎంపిక ఉన్నచోట ఎవరి నియమానికీ భంగం లేదు. కాని ఒక మాట. గుడ్డులో సుమారు 6 గ్రాముల నాణ్యమైన మాంసకృత్తులు ఉంటాయి, అరటిపండులో ఒక గ్రాము చుట్టుపక్కలే. పిల్ల అరటిపండు తీసుకునే ఇంట ఆ లోటును పాలు, పెరుగు, పప్పు, వేరుసెనగలతో పూరించవలసింది తల్లిదండ్రులే.

పశువధ విషయంలో రాష్ట్ర చట్టాలు వేరువేరు. మహారాష్ట్రలో 2015 నుంచి ఆవులతోపాటు ఎద్దుల వధ కూడా నిషిద్ధం. కర్ణాటకలో 2020 నాటి చట్టం 13 ఏళ్లు దాటిన గేదెలు, దున్నలను మినహా మిగిలిన పశువులన్నింటి వధనూ నిషేధించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1977 నాటి చట్టం ఆవులు, దూడల వధను నిషేధించి, పనికిరాని ఎద్దుల విషయంలో ధ్రువపత్రం కోరుతుంది. ముసలి ఎద్దును సంతకు తోలే రైతుకు, మాంసం కొనే కుటుంబానికి ఎల్ల రాయి ఇక్కడ నిజంగా ఎల్లయే.

మినహాయింపులు కూడా నియమంలో భాగమే

అన్ని మతాల ఆహార శాసనాల్లోనూ ఉండి, మన ఇళ్లలో తక్కువగా గుర్తుండే భాగం ఇది. ఖురాన్ రెండవ సూరాలో రోగులకు, ప్రయాణికులకు రంజాన్ ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటు స్పష్టంగా ఉంది. తమకు గాని బిడ్డకు గాని హాని కలుగుతుందన్న భయం ఉంటే గర్భిణులు, పాలిచ్చే తల్లులు మానవచ్చని ధర్మశాస్త్రజ్ఞులు చెబుతారు. కాథలిక్ ధర్మ నియమావళి ప్రకారం మాంస నిషేధం 14 ఏళ్లు నిండినవారికే, ఉపవాస విధి 18 ఏళ్లు నిండినప్పటి నుంచి 60వ ఏడు ప్రవేశించే వరకే. హిందూ నిర్ణయ గ్రంథాలు ఏకాదశి ఉపవాసం నుంచి ఎనిమిదేళ్లలోపు పిల్లలను, ఎనభై దాటిన వృద్ధులను మినహాయిస్తాయి. నీరు, దుంప, పండు, పాలు, ఔషధం వ్రతాన్ని చెరచవని కూడా అంటాయి. మన పురోహితులు విరివిగా ఆధారపడే ధర్మసింధువును 18వ శతాబ్దం చివర పండరిపురంలో కాశీనాథ ఉపాధ్యాయుడు సంకలనం చేశాడు. తిథి నిర్ణయానికి ఆ గ్రంథాన్ని తెరిచేవారు, అశక్తుల విషయంలో అది ఇచ్చిన సడలింపులను ఇంటి కోడలికి చదివి వినిపించడం అరుదు.

ఎందుకు ఈ మాట? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత దేశం మొత్తం మీద 57 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6, ఒడిశాలో 64.3, కర్ణాటకలో 47.8. ఈ అంకెలకు ఉపవాసాలే కారణమని చెప్పడం అన్యాయం. పేదరికం, చివరికి మిగిలినది తినే అలవాటు, వెంటవెంట కాన్పులు పెద్ద కారణాలు. అయినా సోమవారం, గురువారం, శనివారం, ఏకాదశి అంటూ రెండు పంచాంగాల ఒక్కపొద్దులూ ఒకే శరీరం మీద మోపితే, అసలే తక్కువగా ఉన్న రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? పుట్టింటి వ్రతం మానలేక, అత్తింటి వ్రతం కాదనలేక రెండూ పట్టే కోడళ్లు సరిహద్దు ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఏ శాస్త్రమూ ఒక మనిషిని రెండు లెక్కలు పాటించమనలేదు. కాపురం ఉన్న ఇంటి లెక్క ఒకటి ఎంచుకుంటే చాలు.

మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఉపవాసానికి ముందే వైద్యుని అడిగి మోతాదు మార్చుకోవాలి. భోజనం మాని, మందు మామూలుగా వేసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. రంజాన్‌లోనైనా ఏకాదశిలోనైనా ఇది ఒకటే. శుద్ధ శాకాహారుల ఇళ్లలో పెద్దలు పాలు, పెరుగు కూడా తగ్గించుకుంటే విటమిన్ బి12 లోపిస్తుంది. అరికాళ్ల తిమ్మిరి, మతిమరుపు వయసు వల్ల వచ్చినవని వదిలేయకుండా ఒకసారి రక్తపరీక్ష చేయించాలి. క్షీరవ్రతపు నెలలో పెరుగు, దధివ్రతపు నెలలో పాలు ఉండనే ఉంటాయి.

బాలింత పథ్యం మరొక సంగతి. వెల్లుల్లి కారం, నెయ్యి, పాత బియ్యపు అన్నం పెట్టడంలో దోషం లేదు. దాహానికి నీళ్లు తగ్గించడం, ఆకుకూరలు, పండ్లు, పప్పు వారాల తరబడి ఆపడం మాత్రం తల్లికి, బిడ్డకు నష్టం. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు సుమారు 600 కేలరీల ఆహారం అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రమాణం. ఎల్లకు ఆవల కన్నడ, ఒడియా, తమిళ ఇళ్లలోనూ బాలింతకు వేరువేరు జాబితాలు ఉన్నాయి. ఒక ఇంట వద్దన్న ఆకుకూరను పక్క ఇంట పాలు పడతాయని ప్రత్యేకంగా వండి పెడతారు. తమిళ కుటుంబాల్లో బాలింతకు చిన్న సొర చేపను పొరటుగా చేసి పెట్టడం పాలు పెరగడానికే. మన వైపు చాలా ఇళ్లలో ఆ కాలంలో చేప ఊసే ఎత్తరు.